గొడుగు చెక్క తలుపు

ఆ వానాకాలం మా స్నానాల గది తలుపు తన్నితే తప్ప తెరుచుకునేది కాదు. గడియకు కింద, మూల మీద, మడమతో ఒక్కటి గట్టిగా తగిలించాలి. అప్పుడు ముసలిమనిషి మూలిగినట్టు మూలిగి వదిలేది. నేను తన్నినప్పుడల్లా అరుగు మీద కూర్చున్న మా అత్త ఉలిక్కిపడేది.

"తన్నకే! నా కొడుకు చేసిన తలుపు అది."

"మరి ఎట్ల తెరవాలత్తా?"

"బతిమాలు. జర మెల్లగ గుంజు."

తలుపును బతిమాలమంటుంది. బతిమాలి కూడా చూశాను. గడియ రెండు చేతులా పట్టుకుని, ఒక కాలు గోడకు ఆనించి గుంజాను. ఊహూ. ఇక ఆమె లోపలికి పోయేదాకా ఆగి, చూడకుండా తన్నేదాన్ని. మా ఆయన పోయి ఏడాది తిరగలేదు, ఆయన చేతిపని మీద కాలు పెడుతున్నానే అని ప్రతిసారీ లోపల గుచ్చుకునేది. నీళ్ళు పోసుకుని వచ్చి, మడమ తగిలిన చోట కొంగుతో తుడిచేదాన్ని. మట్టి పోయేది. గుచ్చుకున్నది మాత్రం పోయేది కాదు.

మా ఆయన నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. పట్నం పక్కన రాయదుర్గం చుట్టూ గుట్టలు పేల్చి బిల్డింగులు లేపుతున్న రోజులు. గుట్ట పేలినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. పొద్దంతా ఆ బిల్డింగులకు నీళ్ళు పోసి వచ్చేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా పెరట్లో గోడకు ఆనించి తానే వేసుకున్న రేకుల షెడ్డు. అందులో ఒక బల్ల, గోడకు మేకులు, మేకులకు పనిముట్లు. ఏ మేకుకు ఏది తగిలించాలో గోడ మీద బొగ్గుతో ఆ పనిముట్టు బొమ్మే గీసి పెట్టుకున్నాడు. రంపం తీస్తే గోడ మీద రంపం నీడలా కనబడేది.

ఆదివారం ఆ షెడ్డుకు ముగ్గురు వచ్చేవాళ్ళు. మా సందులో ఉండే బస్సు కండక్టరు ఒకరు, మూలమలుపులో దుకాణం ఉన్న దర్జీ ఒకరు, లేతు మిషను మీద పనిచేసి వయసు మళ్ళి మానేసిన చాచా ఒకరు. వీళ్ళందరికీ ఒకటే పిచ్చి. కొనుక్కునే వస్తువేదైనా సరే, చేసుకోవాలి. దర్జీ పాత కుట్టుమిషనుతో కత్తులు నూరే చక్రం చేశాడు. కండక్టరు మడతపెట్టే కుర్చీ చేశాడు, అది తనతో సహా మడత పడింది. చాచా తాళాలు చేసేవాడు. అవి ఎంత గట్టివంటే, చెవి ఉన్నా తెరుచుకునేవి కావు.

చేసింది తెచ్చి బల్ల మీద పెట్టాలి. మిగతావాళ్ళు తలా ఒక వంక చెప్పాలి. బాగుంది అనడానికి లేదు. వంక చెప్పనివాడికి చాయ్ లేదు, అది మా ఆయన పెట్టిన కట్టుబాటు.

"గీ చక్రం తొక్కితె కత్తి అరుగుతదా, మోకాలు అరుగుతదా?" అనేవాడు కండక్టరు.

"నిప్పురవ్వలు ఇటే పడుతున్నయి చూడు, లుంగీ కాలుతది" అనేవాడు మా ఆయన.

"కాలితె కాలనియ్, కుట్టేటోన్ని నేనే గద!"

"అరే భాయ్, లుంగీ కుడతవు, లోపలిది ఎవడు కుడతడు?" చాచా ఆ మాట అన్నాక నేను చాయ్ గ్లాసులు అక్కడే పెట్టి, చెంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తాను.

నాకూ వంకలు తోచేవి. కుర్చీ కాళ్ళు చూడగానే ఇది పడుతుందని నాకు తెలిసింది. ఎవరూ అడగలేదు, నేనూ అనలేదు. గ్లాసులు తీసుకుని వచ్చేదాన్ని.

చెక్క వచ్చింది మాత్రం నా వల్లే. నేను ఒక అద్దాల బిల్డింగులో ఊడ్చే పని చేసేదాన్ని. అక్కడికి కంప్యూటర్లు పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో వచ్చేవి. సామాను తీసుకుని పెట్టెలు విప్పి వెనక గోడ దగ్గర పడేసేవాళ్ళు. తెల్లటి చెక్క, తేలిక. ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగుల్లో కలిపే నూనె వాసన. స్టోరు గుమాస్తాను అడిగితే, "తీసుకుపోండమ్మా, మాకూ అడ్డం వదులుతుంది" అన్నాడు. మా ఆయన ఖాళీ ట్యాంకరు తెచ్చి, పైన తాళ్ళతో కట్టుకుని పోయేవాడు. ఆ రోజు ఆయన మొహంలో ఉన్న వెలుగు పెళ్ళినాడు కూడా లేదు.

ఆ చెక్కల మీద నల్లరంగుతో బొమ్మలు గుద్ది ఉండేవి. ఒకదాని మీద పొడుగు కాడ ఉన్న గ్లాసు. ఒకదాని మీద పైకి చూసే బాణాలు. ఒకదాని మీద గొడుగు, గొడుగు మీద చినుకులు. పక్కన ఇంగ్లీషు. కండక్టరుకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. మా ఆయనకు ఏదీ రాదు, నాకూ రాదు. కానీ బొమ్మకు చదువెందుకు? మా ఆయన ఒక్కో చెక్క తిప్పి చూసి, తేల్చి చెప్పాడు.

"కంపెనోడు ఊకనె గుద్దుతడా? ఏ చెక్క దేనికి పనికొస్తదో చెప్తున్నడు. మనసొంటోళ్ళకు చదువు రాదని బొమ్మ ఏసి చెప్పిండు. గ్లాసు ఉన్నది ఇంట్ల వాడాలె. గొడుగు ఉన్నది వానకు ఆగుతది. బాణం ఎటుంటె అటు పైకి పెట్టి కొట్టాలె."

ఎంత సూటిగా ఉందో చూడండి. అందరం నమ్మాం. షెడ్డులో ఒక మూల గ్లాసు చెక్క, ఒక మూల గొడుగు చెక్క. గొడుగు చెక్క అంటే ముద్దు. దాన్ని ఉత్తపనులకు వాడనిచ్చేవాడు కాదు. అడిగినవాళ్ళకు అడిగినంత ఇవ్వకుండా, తడి తగిలే పని ఉంటేనే ఇచ్చేవాడు. కండక్టరు బట్టలుతికే బండ పక్కన నిలబడడానికి పీట చేసుకుంటానంటే ఇచ్చాడు. దర్జీ దుకాణం ముందు వానజల్లు కొట్టకుండా వేసే సజ్జకు ఇచ్చాడు. చాచా కోళ్ళగూడు పైకప్పుకు ఇచ్చాడు. మిగిలిన మేలైన ముక్కలన్నీ దాచి, ఎండాకాలంలో మా స్నానాల గదికి తలుపు చేశాడు.

అప్పటిదాకా అక్కడ గోనెపట్టా వేలాడేది. అత్తకు అది సిగ్గుగా ఉండేది. అందుకని ఆమె కోసమే చేశాడు. బాణాలన్నీ పైకి చూసేట్టు, రెండు గొడుగులు బయటికి కనబడేట్టు పేర్చి బిగించాడు. రంగు వెయ్యలేదు. "గొడుగు ఉండంగ రంగెందుకు?" అన్నాడు. తలుపు పెద్దదని బల్ల మీదికి ఎక్కించకుండా నేరుగా చౌకట్టుకు బిగించేశాడు. అప్పుడది వేలితో లాగితే వచ్చేది. అత్త ఊరికే రెండు సార్లు లోపలికి పోయి వచ్చింది, గడియ పెట్టి తీయడానికే.

తరువాత ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. ఆకుపసరు తాగాడు, కడుపు మీద వాత పెట్టించాడు, ఆఖరికి దవాఖానకు తీసుకుపోయాం. వానలు మొదలు కాకముందే పోయాడు. ఆ తలుపు మీద వాన పడడం ఆయన చూడలేదు.

వాన పడింది. చెక్క నీళ్ళు తాగి ఉబ్బింది. కింద నల్లబడి, గోరు పెడితే మెత్తగా దిగేది. నేను తన్నుతూ ఉన్నాను, అత్త తన్నకే అంటూ ఉంది.

ఆ ముగ్గురూ కొన్నాళ్ళు రాలేదు. చాచా ఒకనాడు వచ్చి అత్త ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, పనిముట్లు ఊకె ఉంటె జంగు పడతయి. ఆదివారం వచ్చి జర వాడిపోతం, మీరు సరే అంటె." అత్త తల ఊపింది. మళ్ళీ షెడ్డులో చప్పుడు మొదలైంది. నేను మళ్ళీ చాయ్ పెట్టాను. ఆ చప్పుడు వినబడితే నాకు ప్రాణం లేచి వచ్చేది, వెంటనే ఎందుకు వచ్చిందని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

ఒకనాడు బిల్డింగులో కొత్త పెట్టెలు దిగాయి. చినుకులు పడుతున్నాయి. గుమాస్తా లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి కూలీల మీద అరిచాడు. "గొడుగు బొమ్మ కనబడట్లేదేంటయ్యా మీకు? లోపల పెట్టండి, లోపల పెట్టండి!"

నాకు అర్థం కాలేదు. "గొడుగు ఉన్నది గద సారూ, తడిసినా ఏంగాదు" అన్నాను.

ఆయన నా వైపు విచిత్రంగా చూశాడు. "అదేంటమ్మా? గొడుగంటే వానలో పెట్టకూడదని. తడిస్తే పాడవుతుందని."

"మరి గ్లాసు?"

"పగిలిపోతుంది, జాగ్రత్తగా దింపమని. మీరేమనుకున్నారేంటి?"

చెప్పాను. మా ఆయన తేల్చింది తేల్చినట్టు చెప్పాను. గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన్ని చూసి నాకూ నవ్వొచ్చింది. గొడుగు చెక్కను బీరువాలో బంగారంలా దాచిన మనిషి కళ్ళ ముందు కనబడ్డాడు. ఇంకా నవ్వొచ్చింది. చీపురు వదిలేసి గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

మా ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వింది ఆయన్ని చూసే.

ఇంటికి నడుస్తూ నన్ను నేనే అడిగాను. పోయినవాడు ఎదురు చెప్పలేడు కదా అని నవ్వానా? పరాయివాడి ముందు మొగుడి తెలివితక్కువతనం చెప్పి నవ్వించానే అనిపించింది. ఇంటికి వచ్చేసరికి అత్త ఆ తలుపు పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మధ్య మధ్యలో తడి చెక్క మీద అరచెయ్యి పెడుతోంది, బిడ్డకు జ్వరం ఉందా అని చూసినట్టు. ఇక నేనేం చెప్తాను? చెప్పలేదు. ఆ తలుపు మార్చాలన్న మాట కూడా నోట్లోనే ఉండిపోయింది.

ముసురు పట్టిన రోజుల్లో ఒక పొద్దున, నేను పనికి పోయాక అత్త స్నానానికి పోయింది. నేను తన్ని తెరిచి ఓరగా వదిలిపోయిన తలుపును లాక్కుని గడియ పెట్టుకుంది. నీళ్ళు పోసుకుని వద్దామంటే తలుపు రాలేదు. ఆమెకు తన్నే బలం లేదు, బలం ఉన్నా తన్నదు. అరిస్తే పక్కింటామె వచ్చింది, ఆమె మొగుడు గడ్డపార తెచ్చాడు. లోపలి నుంచి అత్త ఒట్టు పెట్టింది.

"పలగ్గొట్టకుండ్రి! పలగ్గొడితె నా పీనిగను చూసినట్టె. నా కోడలు రానియ్యుండ్రి."

వాళ్ళు ఏం చేస్తారు, వదిలేసి పోయారు. నేను పగటి తిండివేళ దాటాక వచ్చాను. ఆమె అప్పటిదాకా తడిచీరతో బండ మీద కూర్చునే ఉంది.

"అత్తా, పక్కకు జరుగు, తన్నుత."

"తన్నకే. తంతె పలుగుతది. ఇంకెట్లనన్న తియ్యి."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. షెడ్డుకు పరుగెత్తి గోడ మీది పేచ్‌కస్ తీశాను. మర బిగించేది అదేనని చూసి చూసి తెలుసు, ఎన్నడూ చేత్తో పట్టలేదు. తలుపును చౌకట్టుకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు బయటివైపే ఉన్నాయి. మొదటి మర జారింది. రెండోసారి ఒళ్ళంతా దాని మీద మోపి తిప్పాను. కిర్రుమని కదిలింది.

ఇది చెప్పడానికే నాకు నోరు రాదు. ఆ మర కదిలినప్పుడు నా చేతికి ఎంత బాగనిపించిందో. తిప్పిన కొద్దీ మర వేళ్ళ కిందికి లేచి వస్తుంటే, తరువాతి దాని కోసం చెయ్యి ఆత్రపడింది. లోపల ముసలిమనిషికి చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, ఇక్కడ నేను మరలు తిప్పుకుంటూ సంతోషపడుతున్నాను. ఆఖరి మర ఊడగానే తలుపు ఏ ముక్కా పోకుండా నా మీదికి ఒరిగింది. రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె బయటికి వచ్చి ముందు నన్ను చూడలేదు, తలుపును చూసింది.

"పలగలే గద?"

"పలగలే."

"మళ్ళ పెట్టు."

"పెట్టనత్తా" అన్నాను. ఆమె మాటకు అడ్డం చెప్పడం నాకు అలవాటు లేదు. "నువ్వు లోపలనె పోతె నేనేం చెయ్యాలె?"

ఆమె తడిచీర పిండుకుంటూ ఇంట్లోకి పోయింది. దగ్గు పట్టుకుంది. దవాఖానకు పోదామంటే రాలేదు. తలుపు పెరటిగోడకు ఒరిగి ఉంది, స్నానాల గదికి చీర అడ్డం కట్టాను. పెడితే మనిషి పోతుంది, పారేస్తే కొడుకు పోతాడు. ఆమె దాని వైపు తిరిగి పడుకునేది. నేను అటు చూడకుండా తిరిగేదాన్ని.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. నేను చాయ్ పెట్టలేదు. తలుపు ఈడ్చుకుపోయి షెడ్డు ముందు నిలబెట్టాను.

"జర పట్టుండ్రి. బల్ల మీద పెట్టాలె."

ఎందుకని అడగకుండా పట్టారు. పెట్టాక నేను పక్కకు జరిగి అన్నాను, "దీనికి వంకలు చెప్పుండ్రి. మీ దోస్తు ఆఖరిగ చేసింది ఇదే. బల్ల మీదికి రాకుంటనె గోడకెక్కింది."

కండక్టరు తల దించుకున్నాడు. దర్జీ మెడలోని టేపు చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చాచా తలుపు మీద చెయ్యి రాసి, "మంచిగున్నది బేటీ" అన్నాడు.

"వంక లేదు వదినె" అన్నాడు కండక్టరు.

"ఆయన ఉన్నప్పుడు గిట్లనె అన్నవా? నీ కుర్చీకి ఆయన ఎన్ని చెప్పిండు? దర్జీ అన్నా, నీ చక్రానికి? ఇప్పుడు ఆయన పనికి వంక లేదంటె, ఆయనను మీలకెల్లి తీసేసినట్టె."

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "గడియ... జర కిందికైంది."

"గడియ కాదు."

"పట్టీలు సన్నగున్నయి."

"పట్టీలు మంచిగనె ఉన్నయి. నేనే విప్పిన. కింద చూడు, ఎట్ల మెత్తబడ్డదో." ఇక ఆగలేక చెప్పేశాను. "గొడుగంటె వానకు ఆగుతదని కాదంట. వానల పెట్టొద్దనంట. స్టోరు సారు చెప్పిండు."

కండక్టరు ఆ గొడుగు బొమ్మ వైపు కళ్ళు చిట్లించి చూశాడు, అది తనకు అప్పున్నట్టు.

"అంటె... నా పీట..."

"ఏమైంది నీ పీటకు?"

"రెండు వానలకు మురిగింది వదినె. నా పెండ్లాం కాలు ఇరికి పడ్డది. నా వాడకమే మంచిగలేదేమొ అనుకున్న. పోయినోడు ఇచ్చిన చెక్క, ఎట్ల అంట?"

దర్జీ టేపు వదిలేశాడు. "నా సజ్జ ఊడి గిరాకీ మీద పడ్డది. మేకులు సరిగ్గ కొట్టలేదని నన్ను నేనే తిట్టుకున్న!"

అందరం చాచా వైపు చూశాం. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "నా కోళ్ళు రోజు తడిసి ఉంటున్నయి. నేను ఏం అన్న తెలుసా? అరే, ఇంత మంచి ఇల్లు కట్టించిన, బయటికి ఎందుకు పోతున్నరు అని కోళ్ళనె తిట్టిన."

ముందు దర్జీ నవ్వాడు. తరువాత అందరూ. చాచా బల్ల మీద చేత్తో కొట్టి కొట్టి నవ్వాడు. నేను చెంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఎన్ని నెలల నవ్వో ఒక్కసారే తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరూ పోయినవాడి మర్యాద కాపాడాలని మురిగిన చెక్కలు దాచుకుని కూర్చున్నారు. ఆయన ఉండి ఉంటే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

తల తిప్పితే షెడ్డు గుమ్మంలో అత్త నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. మా నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆమె వెనక్కు తిరిగి, గోడ పట్టుకుంటూ ఇంట్లోకి పోయింది. చాచా టోపీ పెట్టుకుని, "తప్పయింది బేటీ" అన్నాడు. ముగ్గురూ చాయ్ అడగకుండా పోయారు.

లోపలికి పోవడానికి నాకు భయమేసింది. పోయాను. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

"సచ్చినోన్ని జూసి నవ్వుతరానె?"

"ఉన్నప్పుడు గూడ నవ్వేటోళ్ళు అత్తా."

"ఉన్నప్పుడు ఆడు గూడ నవ్వేటోడు గదనే."

ఆమె పక్కన కింద కూర్చున్నాను. కాసేపటికి తనే అడిగింది, గొడుగు సంగతేందని. మొదటి నుంచీ చెప్పాను. బిల్డింగులో నేను నవ్విన సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"బడికి పంపకపోతి" అంది. "బర్ల ఎంబడి పంపిన."

"అది అక్షరం కాదత్తా, బొమ్మ. చదువొచ్చిన కండక్టరు గూడ నమ్మిండు."

"బొమ్మ గూడ తెల్వకపాయె బిడ్డకు."

తప్పు ఆయనదా, నాదా, నవ్వినవాళ్ళదా అని నేను లెక్కలు వేసుకుంటుంటే, ఆమె అదంతా ఎత్తి తన ఒళ్ళో వేసుకుంది. తలుపు చెడింది తను బడికి పంపకపోవడం వల్లనట. మా నవ్వుల వల్ల ఆమె తల మీదికి ఈ బరువు వచ్చింది. నవ్వకపోయి ఉంటే కొడుకు మంచి తలుపు చేశాడనే అనుకుని ఉండేది, దగ్గుతూనైనా.

దీపం పెట్టేవేళకు అంది, "కొత్తది చేపియ్యి."

"ఎవరితోని?"

"ఎవరితోని ఏంది? పేచ్‌కస్ పట్టినవు గద."

అట్లా చేశాను. చట్రానికి గట్టి చెక్క దర్జీ తెచ్చాడు, రేకు చాచా తెచ్చాడు. రంపం పట్టడం, చెక్కను నున్నగా గీసే రందా తోయడం చాచా చూపించాడు. "దబాయించకు బేటీ, దాని బరువు మీద దాన్నే పోనియ్యి." మొదట్లో రందా చెక్కను కరిచి పట్టుకునేది. తరువాత ఒకనాడు జరజరా పోయి, ఉల్లిపొరలాంటి పట్టి మెలికలు తిరిగి నా మణికట్టు మీద పడింది. అది చూస్తూ నిలబడ్డాను. పొయ్యి మీద అన్నం మాడింది.

నా తలుపు బల్ల మీద పెట్టినప్పుడు ముగ్గురూ మొహమాటపడలేదు. కండక్టరు మూల వంకరగా ఉందన్నాడు, దర్జీ రేకు అంచు చీర చింపుతుందన్నాడు, చాచా మరలు వంటమనిషి బిగించినట్టున్నాయన్నాడు. విప్పి మళ్ళీ చేశాను. ఆ ఆదివారాలు నేను ఎంత సంబరంగా ఉన్నానో ఎవరికీ తెలియనీయకుండా మొహం ముడుచుకుని తిరిగేదాన్ని. మొగుడు బతికుండగా ఆ షెడ్డులో చాయ్ గ్లాసులు తప్ప ఏదీ ముట్టని దాన్ని, ఆయన పోయాక ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను. ఆయన పోబట్టే కదా నాకు ఇది దొరికింది అని ఒకసారి తోచింది. ఆ రోజు రందా మేకుకు తగిలించి, మళ్ళీ రెండు వారాలు షెడ్డు వైపు పోలేదు.

ఆయన చేసిన తలుపును అత్త పారేయనివ్వలేదు, కింద మురిగింది కోసి పొట్టి చేస్తానన్నా ఒప్పుకోలేదు. ఎండబెట్టించి, ఇంట్లో నాలుగు ఇటుకల మీద వేయించుకుని, దాని మీద బొంత పరుచుకుని పడుకునేది. నడుము నొస్తుందని అంటే, "నొస్తె నొయ్యనియ్యి" అనేది.

కొత్త తలుపు వేలితో లాగితే వచ్చేది. చప్పుడు ఉండేది కాదు. అయినా అత్త దాన్ని ఎన్నడూ గడియ పెట్టుకోలేదు. ఓరగా వదిలేసి నన్ను పిలిచేది. "నిలబడు, ఎవరన్న వస్తరు." నేను పొయ్యి దగ్గర ఉన్నా, పనికి పొద్దుపోతున్నా వచ్చి, గదికి వీపు చేసి నిలబడాలి. ఆ లోపల చిక్కుకున్న భయమో, నా తలుపుకు గడియ పెట్టడం ఇష్టం లేకనో, నేను అడగలేదు. అడగడానికి నాకు మొహం లేదు. లోపల నీళ్ళు పోసుకుంటూ ఏదో ఒకటి మాట్లాడేది, ఎక్కువ మా ఆయన చిన్నప్పటి సంగతులే.

ఒక పొద్దున మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగింది. చెంబు నీళ్ళలో ముంచిన చప్పుడు వినబడింది, పోసుకున్న చప్పుడు రాలేదు.

"ఏమే, రందా తోస్తుంటె నీకు మంచిగనిపిస్తదా?"

ఆమె అరుగు మీద నుంచి అన్నీ చూస్తూనే ఉంది మరి. ఉన్నమాట చెప్పాలంటే, కొడుకు పోయిన ఆమెకు చెప్పాలి.

"ఎక్కడి మంచి అత్తా, చెయ్యి నొస్తది" అన్నాను.

లోపల చెంబు బండ మీద పెట్టిన చప్పుడైంది.

"ఆడు గూడ గట్లనె అనేటోడు నాతోని" అంది. "చెయ్యి నొస్తదని. మళ్ళ ఆదివారం కాకముందే షెడ్ల ఉంటుండె."

తరువాత చెంబెడు నీళ్ళు పోసుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. పనికి వేళ మించిపోతోంది, అయినా ఆమె వీపు రుద్దమని పిలిచేదాకా కదలలేదు.